దేని మీద ఇమ్యూనిటీ?

మురమళ్ళ అనగానే చాలామందికి గుర్తొచ్చేది వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలు. కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళే బస్సు ఇక్కడ ఆగితే దిగేవాళ్ళలో సగం మంది పెళ్ళి కుదరాలని మొక్కుకున్నవాళ్ళే. ఊరివాళ్ళు చూసే దిక్కు వేరు, వృద్ధగౌతమి వైపు. ఐ.పోలవరం మండలంలో కొబ్బరితోటలు దాటి ఏటి వైపు, ఆపైన సముద్రం వైపు పోయేకొద్దీ వరిచేలు తగ్గి చెరువుగట్లు పెరుగుతాయి. ఏరేటర్ల చప్పుడు రాత్రంతా వినిపిస్తుంది. ఎండాకాలంలో గౌతమి నీళ్ళు ఉప్పెక్కుతాయి, వరద దిగినప్పుడు ఎర్రనీరు వస్తుంది. ఇక్కడి చెరువులో పెరిగే చేపకైనా రొయ్యకైనా ఏడాదిలో ఎన్నో రకాల నీళ్ళు, వాటితోపాటు ఎన్నో రకాల శత్రువులు.

ఈ రోడ్డు పొడవునా ఉన్న ఆక్వా మందుల కొట్లలో సగం డబ్బాల మీద ఒకే మాట ఉంటుంది: ఇమ్యూనిటీ. లివర్ టానిక్కు ఇమ్యూనిటీ పెంచుతుంది, విటమిన్ సి పెంచుతుంది, వెల్లుల్లి సారం పెంచుతుంది, పేరు పలకడానికి నోరు తిరగని బ్యాక్టీరియా పొడి కూడా పెంచుతుంది. "ఇది వేస్తే ఇమ్యూనిటీ పెరుగుద్దాండీ?" అని రైతు అడుగుతాడు. "ఎందుకు పెరగదండీ, గ్యారంటీ" అంటాడు కొట్టాయన. ఈ ఇద్దరి మధ్యా అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటుంది: దేని మీద? గత యాభై ఏళ్ళలో చేపల రోగనిరోధకత మీద జరిగిన పరిశోధననంతా ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఇదే. చేపలో 'ఇమ్యూనిటీ' అని ఒక్కటే సరుకు లేదు. బ్యాక్టీరియాకు ఒక కణం కదులుతుంది, పేనుకు ఇంకోటి, వైరస్‌కు మరోటి. ఒకదాన్ని ఆపే స్పందన ఇంకోదానికి దారి తెరవొచ్చు. స్పందన మరీ ఎక్కువైతే చేపను చంపేది రోగం కాదు, ఆ స్పందనే.

ముందు ఈ కణాలు ఎక్కడ తయారవుతాయో చూద్దాం. మనిషికి ఎముకల మూలుగలో తయారవుతాయి. చేప ఎముకల్లో ఆ పనికొచ్చే మూలుగ లేదు. శీలావతిని కోసి కడుపు శుభ్రం చేసేటప్పుడు, పేగులు తీసేశాక వెన్నెముకకు అంటుకుని ముదురు ఎర్రగా, గడ్డకట్టిన నెత్తురులా ఒక ముద్ద కనిపిస్తుంది. నీచువాసన పోవాలని ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని కత్తిమొనతోనో వేలిగోరుతోనో గీకి పారేస్తారు. అది మూత్రపిండం. దాని ముందుభాగం, తల దగ్గర ఉన్న ముక్క, మూత్రం పని ఎప్పుడో మానేసింది. శాస్త్రవేత్తలు దాన్ని తలమూత్రపిండం అంటారు. చేప తెల్లకణాల పుట్టిల్లు అదే. దానికి తోడు ప్లీహం, మొప్పల పైన దాగి ఉండే థైమస్. మనకున్నట్టు చంకల్లో, మెడలో బిళ్ళకట్టే లింఫ్ గ్రంథులు చేపకు లేవు.

ఆ ఎర్రముద్దలో ఇంకో విశేషం ఉంది. బెదురు, ఒత్తిడి కలిగినప్పుడు కార్టిసాల్ అనే హార్మోన్ విడుదల చేసే కణాలు కూడా అక్కడే, తెల్లకణాల సందుల్లోనే ఉంటాయి. మనిషిలో ఆ పని చేసే అడ్రినల్ గ్రంథి వేరే చోట ఉంటుంది. చేపకు రెండూ ఒకే గూట్లో. పట్టుబడికి వల తిప్పినా, సీడును లారీలో కుదుపుల మధ్య తెచ్చినా, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేప తేలినా కార్టిసాల్ పెరుగుతుంది. అది ఎక్కువ రోజులు పెరిగే ఉంటే లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గుతాయి, ప్రతిరక్షకాల తయారీ మందగిస్తుంది. సీడు దించిన వారంలో రోగం వస్తే హేచరీని తిట్టడం మన దగ్గర ఆనవాయితీ. చాలాసార్లు నేరం దారిది.

పరాయిదాన్ని మింగి అరిగించుకునే కణాలు ఉంటాయని తొలిసారి చూపినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో మెస్సినాలో నక్షత్రచేప పిల్లలకు ముల్లు గుచ్చి, మర్నాటికి దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. పేరులో చేప ఉన్నా నక్షత్రచేప చేప కాదు గాని, ఆ భక్షక కణాలు అసలు చేపల్లోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. వాటిలో పెద్దవి మాక్రోఫేజ్‌లు, దెబ్బ తగిలిన చోటికి ముందుగా పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. వీటికి పుట్టుకతోనే పని తెలుసు. పాఠం నేర్చుకుని గుర్తుపెట్టుకునేవి బి-కణాలు, టి-కణాలు.

ఇంతవరకు మనిషి పుస్తకమే చేపకూ సరిపోతుంది. అక్కడి నుంచి చేప తన దారి పడుతుంది. చేపల్లో కొన్ని బి-కణాలు ప్రతిరక్షకాలు తయారుచేయడమే కాదు, బ్యాక్టీరియాను మింగి చంపుతాయి కూడా. ఈ సంగతి 2006లో ట్రౌట్ చేపల్లో బయటపడినప్పుడు రోగనిరోధక శాస్త్రంలో పెద్ద కదలికే వచ్చింది. అప్పటిదాకా పుస్తకాల్లో ఈ రెండు పనులూ రెండు వేర్వేరు కణాలవి. చేప ఎర్రకణానికి కేంద్రకం ఉంటుంది కాబట్టి వైరస్ సోకితే అది కూడా జన్యువులు కదిపి స్పందిస్తుంది. మన ఎర్రకణానికి ఆ అవకాశం లేదు. ముందే పరిచయం లేకపోయినా తేడా కనిపించిన కణాన్ని చంపేసే కణాలను 1984లో అమెరికాలో క్యాట్‌ఫిష్‌లో గుర్తించారు.

బ్యాక్టీరియా అంతా ఒక్కటి కాదు

మన చెరువుల్లో చేప ఒంటి మీద ఎర్రమచ్చలు, రెక్కల మొదట్లో నెత్తురు, పొట్ట ఉబ్బి పొలుసులు లేవడం కనిపిస్తే ముందు అనుమానించేది ఏరోమోనాస్ హైడ్రోఫిలాని. ఇది బయటి నుంచి వచ్చే దొంగ కాదు. చెరువు నీటిలో, అడుగుమట్టిలో, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనే ఉంటుంది. చేప నీరసించినప్పుడు లేస్తుంది. దాని ఆయుధం ఏరోలైసిన్ అనే విషం. అది కణం పైపొరకు చిల్లు పొడుస్తుంది. దీని మీద చేప చేసే యుద్ధం ఎక్కువగా బయట, నెత్తుట్లో జరుగుతుంది. రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు బ్యాక్టీరియాకు అంటుకుంటాయి, న్యూట్రోఫిల్స్ వచ్చి మింగుతాయి, లోపల ఆక్సిజన్ నుంచి తయారైన ఘాటు రసాయనాలతో చంపుతాయి. కొన్ని న్యూట్రోఫిల్స్ తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి శత్రువును చిక్కించుకుంటాయి. ఇలాంటి శత్రువుకు భక్షక కణాలు చురుగ్గా ఉంటే చాలావరకు సరిపోతుంది. కాబట్టి 'బూస్టర్' అమ్మేవాడి మాటలో కొంత నిజం దొరికేది ఇక్కడే.

అదే కొలతతో ఎడ్వర్డ్‌సియెల్లా దగ్గరికి వెళ్తే కథ తిరగబడుతుంది. ఈ బ్యాక్టీరియాకు మాక్రోఫేజ్ అంటే భయం లేదు, అదే దాని ఇల్లు. మింగిన కణం విసిరే ఆక్సిజన్ రసాయనాలను విరిచేసే ఎంజైములు దాని దగ్గరున్నాయి. కణంలోకి సూదిలా గుచ్చి తన ప్రోటీన్లు ఎక్కించే యంత్రాంగం కూడా ఉంది. లోపలే పిల్లలు పెట్టి, ఆ మాక్రోఫేజ్ ఎటు పోతే అటు చేరుతుంది. వియత్నాంలో పంగస్ చేపల పెంపకాన్ని ఈ శతాబ్దం మొదటి నుంచీ వేధిస్తున్న జబ్బు ఈ జాతిదే. కోసి చూస్తే మూత్రపిండం, ప్లీహం, కాలేయం నిండా తెల్లటి చుక్కలు ఉంటాయి. ఆంధ్రలోనూ పంగస్ పెంచుతున్నాం కాబట్టి ఇది మనకు పరాయి సంగతి కాదు. ఇక్కడ భక్షక కణాల సంఖ్య పెంచితే శత్రువుకు గదులు పెంచినట్టే కావచ్చు. కావలసింది టి-కణాల నుంచి వచ్చే ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేతం. అది అందితేనే మాక్రోఫేజ్ తన కడుపులో ఉన్నదాన్ని చంపే బలం తెచ్చుకుంటుంది.

ఈ గుట్టును అందరికంటే లోతుగా విప్పింది క్షయ పరిశోధకులు. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనేది చేపల క్షయ తెచ్చే సూక్ష్మజీవి, మనుషుల క్షయకు దగ్గర చుట్టం. బరోడాలో పెరిగి అమెరికాలో, తరువాత కేంబ్రిడ్జిలో పనిచేసిన లలితా రామకృష్ణన్ జీబ్రా చేప పిల్లలను ఇందుకు ఎంచుకున్నారు. అవి గాజులా పారదర్శకం. సూక్ష్మదర్శిని కింద పెడితే బతికున్న చేపలోనే మాక్రోఫేజ్ బ్యాక్టీరియాను మింగడం, చుట్టూ ఇంకొన్ని చేరి గ్రాన్యులోమా అనే గడ్డ కట్టడం కళ్ళారా కనిపిస్తుంది. గడ్డ కట్టడమంటే శత్రువును ఖైదు చేయడమేనని వందేళ్ళుగా నమ్మకం. 2009లో ఆమె బృందం చూపించింది వేరు. తొలిదశలో ఆ గడ్డలోకి వచ్చే కొత్త మాక్రోఫేజ్‌లనే బ్యాక్టీరియా వాడుకుంటుంది. చచ్చిన కణాన్ని మింగడానికి వచ్చినదానికి సోకి, దానిమీదెక్కి ఇంకో చోటికి పోతుంది.

ఆ తరువాత వచ్చిన పనిలో ఇంకా కీలకమైన సంగతి ఉంది. టీఎన్‌ఎఫ్ అనేది వాపును పెంచే సంకేతం. అది తక్కువైతే మాక్రోఫేజ్ లోపల బ్యాక్టీరియా విచ్చలవిడిగా పెరుగుతుంది. సరే, పెంచుదామా? మితిమీరితే మాక్రోఫేజ్ తొలుత బ్యాక్టీరియాను గట్టిగానే చంపుతుంది, ఆపైన తానే పగిలి చచ్చిపోతుంది, మిగిలిన బ్యాక్టీరియా బయటపడి ఇంకా జోరుగా పెరుగుతుంది. తక్కువైనా చావే, ఎక్కువైనా చావే. డబ్బా మీద 'ఇమ్యూనిటీ పెంచును' అని రాసేవాళ్ళు ఈ ఒక్క ఫలితం చదివితే చాలు. మరో మాట: ఈ సూక్ష్మజీవి చేతి గాయాల్లోంచి మనుషులకూ ఎక్కుతుంది, వేళ్ళ మీద మానని పుండ్లు వేస్తుంది. చేపల పట్టుబడి చేసేవాళ్ళు, ఇంట్లో అక్వేరియం కడిగేవాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయం.

బంగారుతీగ చెప్పిన పాఠం

రకానికో స్పందన అన్న మాటకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే చక్కని రుజువు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. వాళ్ళు వాడింది మన చెరువుల్లోనూ ఉండే బంగారుతీగ చేపనే. దాని నెత్తుట్లో బతికే పరాన్నజీవులు రెండున్నాయి, ట్రిపనోప్లాస్మా బొరెలి, ట్రిపనోసోమా కరాసి. రెండూ ఒకే కోవవి, రెండూ తోకతో నెత్తుట్లో ఈదుతాయి, రెండింటినీ జలగే ఎక్కిస్తుంది. చేపకు మాత్రం రెండూ ఒకటి కాదు. మొదటిది సోకిన చేపల తలమూత్రపిండం నుంచి తీసిన కణాలు నైట్రిక్ ఆక్సైడ్ కుమ్మరించాయి, అంటే యుద్ధం మోడ్‌లో ఉన్నాయి. రెండోది సోకిన చేపల కణాల్లో ఆర్జినేజ్ అనే ఎంజైము పెరిగింది, అంటే మరమ్మతు మోడ్‌లో ఉన్నాయి. రెండింటికీ ముడిసరుకు ఒకటే, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం. దాన్ని ఏ గానుగలో వేస్తే ఆ నూనె.

ఇందులో వింత ఇంకా ఉంది. అంత కష్టపడి తయారుచేసిన నైట్రిక్ ఆక్సైడ్‌కు మొదటి పరాన్నజీవి పెద్దగా లొంగదు. నష్టపోయేది చేపే. ఆ వాయువు దాని సొంత లింఫోసైట్ల పెరుగుదలను అణిచేస్తుంది. పరాన్నజీవి చేపను రెచ్చగొట్టి, పనికిరాని ఆయుధం చేతికిచ్చి, దానితోనే దాన్ని పొడుచుకునేలా చేస్తున్నట్టుంది. 'బలమైన స్పందన' అంటే 'మంచి స్పందన' అని మనం తేలిగ్గా అనుకునే అలవాటుకు ఇది గట్టి జవాబు.

చర్మం మీద సంగతి మళ్ళీ వేరు. చేపల్లో ప్రతిరక్షకాలు ప్రధానంగా మూడు రకాలు: ఐజీఎమ్, ఐజీడీ, 2005లో రెండు బృందాలు వేర్వేరుగా కనిపెట్టిన ఐజీటీ. ఈ మూడోదానికే జీబ్రా చేపలో, కార్ప్‌లలో ఐజీజెడ్ అని పేరు. నెత్తుట్లో పనిచేసేది ప్రధానంగా ఐజీఎమ్. పేగు, మొప్ప, చర్మం మీది జిగురులో కాపలా కాసేది ఐజీటీ. ట్రౌట్ పేగులో పరాన్నజీవి పెడితే పేగులో ఐజీటీ పెరిగిందని 2010లో, చర్మం మీద ఇక్ అనే తెల్లచుక్కల పరాన్నజీవి పెడితే చర్మపు జిగురులోనూ అదే పెరిగిందని 2013లో తేలింది. బంగారుతీగలో ఐజీజెడ్ మళ్ళీ రెండు ఉపరకాలు. నెత్తుటి పరాన్నజీవులు సోకితే ఒకటి, చర్మం మీది పరాన్నజీవులు సోకితే రెండోది పెరుగుతుందని 2010లో వాగెనింగెన్ బృందం చెప్పింది. మంగళూరు మత్స్య కళాశాల శాస్త్రవేత్త కరుణాసాగర్ కూడా ఆ పనిలో భాగస్వామి. ఛానెల్ క్యాట్‌ఫిష్‌కైతే అసలు ఐజీటీయే లేదు. అయినా అది ఇక్‌ను తట్టుకోవడం నేర్చుకుంటుంది. దాని ప్రతిరక్షకాలు పరాన్నజీవి పై పొరకు అంటుకుంటే, ఆ జీవి చావదు గాని, చర్మం వదిలి తనంత తానే బయటికి పోతుంది. చంపకుండా ఖాళీ చేయించడం.

ఇక మన రైతులను ఏటా నష్టపెట్టే పేను. ఆర్గులస్ అంటే పుస్తకాల వాళ్ళకు తెలుసు, పేను అంటే చెరువు మీద అందరికీ తెలుసు. గుండ్రంగా, పలుచగా, కంటికి కనిపించేంత ఉంటుంది. చేపను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూస్తే రెక్కల మొదట్లో పొలుసుల మీద జారుతూ పాకుతుంది. పట్టుకోబోతే జారిపోతుంది. శీలావతి దీనికి మహా ఇష్టం. పేను కుడుతుంది, లాలాజలం ఎక్కిస్తుంది, ఆ గాయంలోంచి ఏరోమోనాస్ లోపలికి పోతుంది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వా పరిశోధన సంస్థ సిఫా వాళ్ళు పేను పట్టిన శీలావతి చర్మం, తలమూత్రపిండం పరీక్షించినప్పుడు కొన్ని నిరోధక జన్యువులు పెరగడమే కాక, మరికొన్ని తగ్గిపోవడం చూశారు. పేను చేప నోరు నొక్కేస్తోందన్నమాట. వైరస్‌లాగా ఇది కణం లోపల దూరదు, బ్యాక్టీరియాలాగా మింగేంత చిన్నదీ కాదు. మాక్రోఫేజ్‌కు ఏనుగును మింగమన్నట్టే. ఇక్కడ పనిచేయాల్సింది చర్మం మీది జిగురు, అందులోని ప్రతిరక్షకాలు, మాస్ట్ కణాల వంటి గుళికల కణాలు. పేనుకు టీకా తేవాలని ఎందరో ప్రయత్నిస్తున్నా రైతు చేతికి ఇంకా మందులే దిక్కు. వాడినకొద్దీ వాటికి పేను లొంగకుండా పోతోందన్న గోల గట్ల మీద ఎప్పుడూ వినిపిస్తుంది.

చలికాలపు పుండు

కొరమేను ఒంటి మీద లోతైన పుండ్లు, కండ కుళ్ళి ఎముక కనబడేంతగా. ఈ రోగం 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై తరువాతి ఏళ్ళలో దేశమంతా పాకింది, కొల్లేరునూ వదల్లేదు. చేప తినడానికే జనం జంకిన రోజులవి. దీనికి కారణం అఫనోమైసెస్ ఇన్వాడన్స్, బూజులా దారాలు వేసే జీవి. అసలు బూజు జాతిది కాకపోయినా పని అదే. దీని దారాలు కండలోకి చొచ్చుకుపోతాయి. ఒక్కో దారం ఒక్కో మాక్రోఫేజ్ కంటే ఎన్నో రెట్లు పొడుగు, మింగడం కుదరదు. అందుకని చేప మాక్రోఫేజ్‌లన్నీ చుట్టూ చేరి, ఒకదానికొకటి అతుక్కుని, దారం చుట్టూ ఒరలా గ్రాన్యులోమా కడతాయి.

ఇక్కడ జాతుల మధ్య తేడా స్పష్టం. కొరమేనూ మన కార్ప్‌లూ ఈ పుండుకు లొంగుతాయి. బంగారుతీగ, తిలాపియా గట్టిగా నిలబడతాయి. అదే చెరువు, అవే బీజాలు. తట్టుకునే చేపలో వాపు త్వరగా వచ్చి దారాలను తొలిదశలోనే చుట్టేస్తుంది. లొంగే చేపలో ఆ ఒర కట్టే లోపే దారాలు కండ లోపలికి పోయి ఉంటాయి.

జాతితోపాటు వేడి కూడా లెక్కలోకి వస్తుంది. చేప ఒంటి వేడి నీటి వేడే. కొరమేనుకు ఈ జీవిని ఎక్కించి వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి థాయిలాండ్‌లో 1990లలో చూశారు. చల్లటి నీటిలో, సుమారు 19 డిగ్రీల దగ్గర, వాపు బలహీనంగా ఉండి పుండు పెరిగింది. 26, 31 డిగ్రీల్లో కణాలు చురుగ్గా చేరాయి. మన దగ్గర ఈ రోగం కార్తీకం నుంచి మాఘం దాకా ఎందుకు విజృంభిస్తుందో ఇదొక్కటే చెప్పకపోయినా సగం చెబుతుంది. చలిలో టి-కణాల సహాయం బాగా మందగిస్తుంది. భక్షక కణాలు కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. కోనసీమలో నీరు 19 డిగ్రీలకు అరుదుగా దిగినా, లోతు తక్కువ చెరువులో పుష్యమాసపు తెల్లవారుజామున పడే తేడా చేపకు తెలుస్తుంది. సిఫా తయారుచేసిన సిఫాక్స్ మందు, సున్నం ఈ రోగానికి పనిచేశాయంటే అది నీటినీ బీజాలనూ సరిచేయడం వల్లే. చేప కణాలకు అవి ఏదో బలం ఇచ్చి కాదు.

చేపకు జ్వరం వస్తుందా అని ఎవరైనా అడిగితే నవ్వొద్దు. 1976లో అమెరికాలో ఏరోమోనాస్ ఎక్కించిన చేపలకు నచ్చిన వేడిని ఎంచుకునే వీలు కల్పిస్తే, అవి మామూలు కంటే రెండు డిగ్రీలకు పైగా వెచ్చని నీటిలోకి వెళ్ళి కూర్చున్నాయి. ఒంట్లో వేడి పుట్టించుకోలేని జీవి వేడి ఉన్న చోటికి నడిచి జ్వరం తెచ్చుకుంటుంది. వైరస్‌కు ఈ సంగతి తెలుసు. బంగారుతీగ, కోయి చేపలను చంపే హెర్పిస్ వైరస్ మీద బెల్జియంలోని లీయెజ్ బృందం 2017లో ప్రచురించిన పని నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 24, 28, 32 డిగ్రీల గదులున్న తొట్టెలో రోగం సోకిన చేపలు చివరకు 32 డిగ్రీల గదిలోకి చేరి బతికాయి, 24లోనే ఉంచినవి చనిపోయాయి. ఆ వైరస్ టీఎన్‌ఎఫ్ సంకేతాన్ని మధ్యలోనే పట్టేసే నకిలీ గ్రాహకం ఒకటి తయారుచేసి, చేప వెచ్చని వైపు కదలడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆలోగా తాను పెరిగిపోతుంది. మన చెరువుల్లో చేపకు అలా ఎంచుకోవడానికి గదులెక్కడివి? నాలుగైదు అడుగుల నీరు, ఏరేటర్లతో కలిసిపోయి అంతా ఒకే వేడి.

వైరస్ మీద చేప చేసే యుద్ధం ప్రధానంగా కణం లోపలిది. సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ వదిలి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది, అవి వైరస్ పెరగకుండా అడ్డుకునే ప్రోటీన్లు తయారుచేసుకుంటాయి, ఆపైన టి-కణాలు వచ్చి సోకిన కణాలనే చంపుతాయి. న్యూట్రోఫిల్స్ ఎంత చురుగ్గా ఉన్నా ఇక్కడ పెద్దగా ఒరిగేది లేదు. పైగా పండుగప్ప పిల్లలకు మెదడు, కంటిపొర తినేసే నోడావైరస్ సోకే వయసుకు టి-కణాలు, బి-కణాలు ఇంకా పండి ఉండవు. అందుకే తల్లిచేపకు టీకా వేసి గుడ్డు ద్వారా రక్షణ అందించాలన్న ఆలోచన వచ్చింది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా సంస్థ సిబా ఈ రోగానికి నోడావాక్-ఆర్ అనే టీకా తయారుచేసింది.

రొయ్యకు చేప లెక్క చెల్లదు

ఈ ప్రాంతంలో చేప గురించి రాసి రొయ్యను వదిలేస్తే ఎవరూ ఒప్పుకోరు. రొయ్యకు ప్రతిరక్షకాలు లేవు, బి-కణాలు లేవు, టి-కణాలు లేవు. ఉన్నదల్లా నెత్తుట్లో తిరిగే హీమోసైట్లు. అవి మింగుతాయి, శత్రువు చుట్టూ పోగవుతాయి, మెలనిన్ తయారుచేసి నల్లగా కప్పేస్తాయి. రొయ్య పెంకు మీద నల్లమచ్చలు కనిపిస్తే అది చాలాసార్లు ఆ యుద్ధం జరిగిన చోటు. 1990లలో మన తీరాన్ని దెబ్బతీసిన వైట్‌స్పాట్ వైరస్ ఈ హీమోసైట్లను తయారుచేసే కణజాలానికీ సోకుతుంది. సైన్యం పుట్టే చోటికే దెబ్బ. ఇప్పుడు వేధిస్తున్న ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి రొయ్యకు కాలేయం లాంటి అవయవపు కణాల లోపలే దాక్కుని పెరుగుతుంది, హీమోసైట్ అక్కడికి చేరలేదు. అందుకని చేప టీకాల తీరులో 'రొయ్య టీకా' అన్న మాట వినిపిస్తే రెండుసార్లు ఆలోచించాలి. 2009 నుంచి మనం పెంచుతున్న వెనామీ సీడు మీద ఎస్పీఎఫ్ అని రాసి ఉంటుంది. దాని అర్థం తల్లిరొయ్యల్లో ఫలానా రోగకారకాలు లేవని మాత్రమే, ఆ పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి ఉందని కాదు. మురమళ్ళ చుట్టుపక్కల ఈ రెండూ ఒకటేనని నమ్మే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అమ్మేవాళ్ళకు ఆ అపోహ సరిచేసే తొందర ఏమీ లేదు.

డబ్బాలో ఉన్నది, లేనిది

బూస్టర్లన్నీ బూటకమని అనను. బీటా గ్లూకాన్ అనే పదార్థం, ఈస్ట్ కణపు గోడ నుంచి తీసేది, చేప మాక్రోఫేజ్‌లను మేల్కొలుపుతుంది. మేల్కొన్న కణం కొంతకాలం ఆ చురుకును గుర్తుంచుకుంటుందని కార్ప్ కణాల మీద ఈమధ్యే చూపించారు. శీలావతి పిల్లలకు మేతలో కలిపి పెట్టిన మనదేశపు ప్రయోగాల్లో ఏరోమోనాస్, ఎడ్వర్డ్‌సియెల్లా ఎక్కించినప్పుడు బతికినవి ఎక్కువ. అయితే అదే పనిలో ఇంకో సంగతీ ఉంది: మధ్యస్థ మోతాదు బాగా పనిచేసింది, ఎక్కువ మోతాదు అంతగా పనిచేయలేదు. డబ్బా మీద రాసినదానికి రెట్టింపు వేస్తే రెట్టింపు ఫలం అనుకునే మన అలవాటుకు ఇది సరిపడదు. పేనుకూ వైరస్‌కూ ఇదే ఫలం వస్తుందన్న రుజువు ఆ ప్రయోగాల్లో లేదు, వాటిని అందుకు చేయలేదు కూడా.

డబ్బా కొనేముందు చూడవలసినది మేత. వానకు తడిసిన వేరుశనగ చెక్క, ముక్కిన తవుడు పెడితే అందులోని బూజు వదిలే అఫ్లటాక్సిన్ శీలావతి నిరోధకతను దెబ్బతీస్తుందని 2001లోనే ఒడిశా శాస్త్రవేత్తలు చూపించారు. అలా కుంగిన చేపకు గ్లూకాన్ కొంత ఆసరా ఇచ్చిందని కూడా చెప్పారు. ఒక చేత్తో విషం, ఇంకో చేత్తో టానిక్కు పెట్టే కంటే చెక్క బస్తాను చెక్క బల్ల మీద ఎత్తి పెట్టడం చవక.

యాంటీబయాటిక్స్ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అవి చేప కణాలకు బదులు యుద్ధం చేస్తాయే తప్ప వాటికి ఏమీ నేర్పవు. ఎగుమతి సరుకులో అవశేషాలు దొరికి కంటైనర్లు వెనక్కి వచ్చిన కథలు ఈ తీరంలో అందరికీ తెలిసినవే.

నార్వే ఇంకో దారి చూపింది. సాల్మన్ పెంపకంలో 1987లో అక్కడ వాడిన యాంటీబయాటిక్స్ సుమారు 50 టన్నులు. నూనె కలిపిన టీకాలు వచ్చాక, ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతూ పోయినా, ఆ వాడకం 1990ల మధ్యకే ఒకటి రెండు టన్నుల స్థాయికి పడిపోయింది. ఆ టీకాలు ప్రధానంగా బ్యాక్టీరియావి. శత్రువు ఎవరో తెలిసి, ఏ కణానికి పాఠం చెప్పాలో తెలిసి చేసినవి. చేప టీకా చరిత్ర ఇంకా పాతదే. కెనడాలో డఫ్ అనే శాస్త్రవేత్త 1942లోనే ట్రౌట్‌కు మేతలో చచ్చిన బ్యాక్టీరియా పెట్టి చూశాడు.

మన దగ్గర ఏరోమోనాస్ రక్తస్రావ వ్యాధికి సిఫా చేసిన టీకాను వాణిజ్యస్థాయికి తేవడానికి 2022లో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఒప్పందం చేసుకుంది. ఎడ్వర్డ్‌సియెల్లాకూ, కాలమ్నారిస్ అనే మరో బ్యాక్టీరియా రోగానికీ టీకాల కోసం అదే కంపెనీ ముంబైలోని మత్స్యవిద్యాసంస్థ సైఫ్‌తోనూ చేతులు కలిపింది. ఇంకో పక్క వంశపారంపర్యపు దారి ఉంది. 1992లో నార్వే సహకారంతో మొదలుపెట్టి సిఫా వాళ్ళు తయారుచేసిన మెరుగుపరచిన శీలావతి 'జయంతి' 1997లో బయటికి వచ్చింది. అప్పట్లో దాన్ని ఎదుగుదల కోసమే ఎంపిక చేశారు. తరువాత ఏరోమోనాస్‌ను తట్టుకునే వంశాలను కూడా ఏరారు, వాటి పిల్లలు రోగం ఎక్కించినప్పుడు మిగతావాటికంటే బాగా నిలబడ్డాయి. అయితే ఆ వంశం ఏరోమోనాస్‌కు నిలబడ్డంత మాత్రాన పేనుకూ నిలబడుతుందని అనుకోవడానికి లేదు. పైన చెప్పిన కణాల తీరు చూస్తే ఆ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఇక టీకాను చెరువులోకి దించే చిక్కు. నార్వేలో ఒక్కో సాల్మన్‌ను పట్టి సూది వేస్తారు, చేప ధర ఆ ఖర్చును మోస్తుంది. శీలావతి ధర మోయదు, కాబట్టి మన దగ్గర టీకా మేతలోనే పోవాలి. కార్ప్‌లకు అసలు జీర్ణాశయం లేదు, ఆమ్లంలో టీకా కరిగిపోయే బాధ తక్కువ. పేగు రెండో భాగంలోని కణాలు దాన్ని పట్టుకుని లోపలి కణాలకు అందిస్తాయి. మన నీటి వేడి కూడా కలిసొస్తుంది. సాల్మన్ టీకాకు రక్షణ రావడానికి సుమారు 500 డిగ్రీ-రోజులు లెక్క వేస్తారు, అంటే 10 డిగ్రీల నీటిలో 50 రోజులు. ఆ లెక్క శీలావతికి సూటిగా కుదరకపోయినా, 28 డిగ్రీల నీటిలో ప్రతిరక్షకాలు ఇంకా త్వరగా వస్తాయి. అయితే మన చెరువులో ఒక్క జాతే ఉండదు. శీలావతి, బొచ్చె, మోసు, గడ్డిచేప కలిసి ఒకే మేత తింటాయి, ఒకే మోతాదుకు ఒక్కో పేగు ఒక్కో తీరుగా స్పందిస్తుంది. పైగా గౌతమి ఒడ్డు చెరువుల్లో వేసవి ఉప్పుకు చేప ఒంట్లో కార్టిసాల్ మారుతుంది, టీకా వేసే నెల ఏదన్నదీ తేలాలి. కౌసల్యాగంగ తొట్టెల్లో వచ్చిన అంకెలు ఇక్కడ నిలుస్తాయో లేదో ఐ.పోలవరం చెరువుల్లో, ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, పేను ఉన్న చెరువులో ఒకటి, లేని చెరువులో ఒకటిగా వేసి చూస్తేనే తెలుస్తుంది.